పదమూడో గంట

గడియార స్తంభానికి ఎదురుగా టీ కొట్టు, అందులో రెండు బల్లలు. లోకంలో ఏ సింహాసనం మీద కూర్చున్నవాడైనా చరిత్రను అన్నిసార్లు తిరగరాసి ఉండడు, ఆ రెండు బల్లల మీద తిరగరాసినన్ని సార్లు. అందులో పెద్ద బల్ల ఫిరంగి తాతది. చిన్న బల్ల చివర, గోడవార, కంపోజిటర్ బాబాయిది. ఫిరంగి తాత నోరు మూయగా ఎవరూ చూడలేదు, కంపోజిటర్ బాబాయి నోరు తెరవగా ఎవరూ చూడలేదు. అందుకే ఇద్దరికీ నలభై తొమ్మిదేళ్ళుగా పొరపొచ్చం రాలేదు.

ఆ రోజు పదిహేడో తారీకు. క్యాలెండర్ ప్రెస్సు నడిపే అమ్మాయి చేతిలో కాగితాలతో, మెళ్ళో కెమెరాతో వచ్చి కూర్చుంది. వాళ్ళది రోజుకో కాగితం చింపే క్యాలెండర్. అంకె కింద సన్నటి అక్షరాల్లో ‘ఈ రోజున’ అని ఒక పంక్తి ఉంటుంది. యుద్ధాలు ఆగిన రోజులు, వంతెనలు తెరిచిన రోజులు, భూమి కంపించిన రోజులు. ఈ పదిహేడుకి ఎప్పుడూ ఒకటే పంక్తి: ‘ఈ రోజున పట్టణ గడియారం పదమూడు గంటలు కొట్టింది.’

“వచ్చే ఏడాదికి యాభై ఏళ్ళు నిండుతాయి తాతా. కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది నువ్వేనటగా. నీ ఫొటో వేసి, కింద నువ్వు చెప్పింది వేస్తాను. మిగతా కాగితాలన్నీ అచ్చయిపోయాయి. ఇదొక్కటే ఆగింది, మధ్యాహ్నం మిషన్ ఎక్కాలి,” అంది. అని, పక్కకి తిరిగి, “బాబాయి గారూ, మీరు విని ప్రూఫు మీద టిక్కు పెట్టేస్తే సరి,” అంది.

కంపోజిటర్ బాబాయి గ్లాసు పక్కన పెట్టాడు. ఆయన టిక్కు పడందే ఆ ప్రెస్సులో మిషన్ తిరగదు. అమ్మాయి వాళ్ళ నాన్న హయాం నుంచీ అదే పద్ధతి. బాబాయి చెయ్యి దాటి తప్పు పోదని పేరు. ఆ పేరు ఒక్కటే ఆయన వెనకేసుకున్న ఆస్తి.

ఫిరంగి తాత గొంతు సవరించుకున్నాడు.

“గొప్ప కోసం చెప్పడం లేదమ్మాయ్. నేను ఆ పూట చెప్పు తెగి కుట్టించుకుందామని బయల్దేరానంతే. సరిగ్గా ఈ కొట్టు ముందుకొచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండైంది. గడియారం కొడుతోంది. లెక్కపెట్టడం నాకు చిన్నప్పట్నించీ అలవాటు. పది, పదకొండు, పన్నెండు... ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“పదమూడు!” అన్నాడు మంగలి మామ, కత్తెర చేత్తోనే పట్టుకుని. గిరాకీని కుర్చీలో సగం గడ్డంతో వదిలేసి వచ్చాడు మరి.

“పదమూడు అని నువ్వు తేలిగ్గా అనేశావ్! అది గంటా? పిడుగు! బజారంతా కిటికీ అద్దాలు రాలాయి. పావురాలు ఎగురుతూ ఎగురుతూ కాయల్లా కిందపడ్డాయి. అసలు సంగతేమిటంటే అది పదమూడుతో ఆగే రకం కాదు, వందకి పోయేదే, వెయ్యికి పోయేదే! నా ఒంటికాలి చెప్పు అక్కడే వదిలేసి స్తంభం ఎక్కాను. తొంభై రెండు మెట్లు. మూడు అంగలు.”

“మూడే!” లారీ డ్రైవర్ నోట్లో బిస్కెట్టు నోట్లోనే ఉండిపోయింది.

“నాలుగోది వేస్తే స్తంభం దాటి పోతానని ఆగాను. పైకెళ్ళి చూద్దును కదా, పెద్ద ముల్లు పిచ్చెక్కినట్టు తిరుగుతోంది. భుజం అడ్డం పెట్టాను. ఇదిగో చూడు!” చొక్కా జార్చి, ఎముక మీద అర్ధచంద్రంలా ఉన్న మచ్చ చూపించాడు. “ముల్లు నన్ను ఎత్తి బయటికి విసిరింది. నేను వదుల్తానా? రెండు చేతులా పట్టుకుని వేలాడాను. అప్పుడు నా బరువుకి ముల్లు ఏం చేసిందో తెలుసా? వెనక్కి తిరగడం మొదలుపెట్టింది!”

“అమ్మో!” కొట్టు నడిపే అక్క పొయ్యి మీద పాలు మరిచిపోయింది.

“ముల్లు వెనక్కి తిరిగితే కాలం ముందుకెలా పోతుందే పిచ్చితల్లీ? బజార్లో జనం వీపు ముందుకి పెట్టి నడుస్తున్నారు. తాగిన టీ గ్లాసుల్లోకి, గ్లాసుల్లోంచి గిన్నెలోకి పోయింది. ఒరే మంగలీ, మీ నాన్న ఆ పూట తొమ్మిది గడ్డాలు గీశాడు. తొమ్మిదీ మళ్ళీ మొలిచాయి. పాపం, మళ్ళీ గీశాడు.”

మంగలి మామ కళ్ళు తుడుచుకున్నాడు. “మా నాన్న ఆ రోజు చేతులు పడిపోయాయని చెప్పేవాడు తాతా!”

“చెప్పడూ మరి! ఇంకో సంగతి. పాడె మీద వెళ్తున్నవాడు లేచి కూర్చుని, ‘నన్నెటు తీసుకుపోతున్నార్రా’ అని కేకలు. సూర్యుడు నడినెత్తిన మేకు కొట్టినట్టు నిలబడిపోయాడు. నేను పైనుంచి అరిచాను: ‘అయ్యా, నువ్వు కాస్త ఓపిక పట్టు, నేను సర్దేస్తాను’ అని. పట్టాడు! ఆ రోజుకి ముప్పై ఏడు గంటలు. కావాలంటే ఆ నెల లెక్క తీసి చూడండి, పదిహేడో తారీకు రెండుసార్లు వచ్చి ఉంటుంది!”

ప్రెస్సు అమ్మాయి కలం ఆగిపోయింది. నమ్మలేక కాదు, రాయడం అందక.

“ఆ తర్వాత గంట దగ్గరికి పాక్కుంటూ పోయి, నా చొక్కా విప్పి దాని నోట్లో కుక్కాను. కుక్కిన కుక్కుకి గంట నిలువునా చీలింది. దాన్ని అక్కడే వదిలేస్తే ఏ గాలికో మళ్ళీ మోగి ఊళ్ళో ఇంకెవడి చెవులు పోతాయోనని, ఒక్కణ్ణే నెత్తిన పెట్టుకుని దింపి, తీసుకెళ్ళి నదిలో పడేశాను. అందుకే కదరా ఈ గడియారం ఈనాటికీ మోగదు! అందుకే మన నదిలో చేపలకి చెవుడు! కావాలంటే పిలిచి చూడు, ఒక్కటి వస్తుందేమో!”

“నిజమే, రావు,” అన్నాడు లారీ డ్రైవర్ తెల్లబోయి.

ప్రెస్సు అమ్మాయి ప్రూఫు కాగితం చిన్న బల్ల మీద పెట్టి, పెన్సిలు అందించింది. “బాబాయి గారూ, టిక్కు.”

కంపోజిటర్ బాబాయి పెన్సిలు పట్టుకున్నాడు. ఈ టిక్కు పెడితే తాత సాక్ష్యంతో సహా ఆ మాట క్యాలెండర్లో శిలాక్షరమైపోతుంది, ప్రెస్సు పేరు మీద, తన చేతి మీదుగా. పెట్టకపోతే ఎందుకని అడుగుతారు. చెబితే తన పేరు గంగలో కలుస్తుంది. నలభై తొమ్మిదేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న ముల్లు అది, గడియారం ముల్లుకంటే పెద్దది.

“అమ్మాయ్, ఆ గడియారం పదమూడు కొట్టలేదు,” అన్నాడు.

గొంతు ఎవరిదా అని అందరూ చుట్టూ చూశారు.

“అది నేను కొట్టించాను, సీసపు అక్షరాలతో. నేనీ ఊరికొచ్చి అప్పటికి వారం. మీ నాన్న క్యాలెండర్ పని అప్పజెప్పాడు. సంగతులు రాసిచ్చే బడిపంతులు కాగితం మీద సిరా ఒలికి, సరిగ్గా పదిహేడో తారీకు కనపడకుండా పోయింది. పంతులేమో పొరుగూరు వెళ్ళాడు. బయట మిషన్ ఆగి ఉంది, మీ నాన్న అరుస్తున్నాడు. కాగితం మీద ఒక్క పంక్తి ఖాళీ. కిటికీలోంచి చూస్తే ఈ గడియారం కనబడింది. చేతికొచ్చింది కూర్చేశాను. మరుసటేడు మారుద్దామనుకున్నా. కానీ కూర్చిన అచ్చు విప్పకుండా దాచిపెట్టి, ఏటేటా అదే మిషన్ ఎక్కించడం మా పద్ధతి. మిగతా ప్రెస్సులు మన క్యాలెండర్ చూసి ఎక్కించుకున్నాయి.”

“మరి ఊళ్ళో ఎవరూ అడగలేదా?” అమ్మాయి అడిగింది.

“మొదటి ఏడు, ఆ రోజు మేం ఊళ్ళో లేమేమోనని ఎవరికి వారు ఊరుకున్నారు. రెండో ఏడు, లీలగా గుర్తుందన్నారు. మూడో ఏటికి నలుగురు చూశామన్నారు. అసలు తప్పు అది కాదమ్మా. అచ్చయ్యాక మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకి చెవులు రిక్కించుకుని ఇక్కడే నిలబడ్డాను. అప్పుడు తెలిసింది. ఆ గడియారానికి గంటే లేదు. ఏనాడూ లేదు.”

“లేదంటావేంటి బాబాయ్! చీలిపోతే తాత తీసి...” మంగలి మామ మాట మధ్యలోనే కొట్టు అక్క చేతిలో గరిటె ఠంగుమని కింద పడింది. వారం వారం ఆ గడియారానికి తాళం తిప్పేది ఆవిడే. అంతకుముందు ఆవిడ మొగుడు తిప్పేవాడు.

“ఓరి నాయనో! పదకొండేళ్ళుగా ఎక్కుతున్నాను. పైన గంట వేలాడదీసే కొక్కెం లేదు, దూలం లేదు, కొట్టే సుత్తీ లేదు! గంట తీసేస్తే కొక్కెమైనా ఉండాలి కదా! కళ్ళముందున్నా నాకు ఏనాడూ తోచలేదే!”

అందరూ ఒక్కసారి తలెత్తారు. రెండు ముళ్ళూ పన్నెండు మీద కలిశాయి. చెవులు చేటలు చేసుకున్నారు. పొయ్యి మీద పాలు పొంగిన చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

“నేను చిన్నప్పుడు విన్నాను కదరా,” మంగలి మామ గొణిగాడు. “దుప్పట్లో దూరాను కూడా.”

ఫిరంగి తాత మాత్రం మాట్లాడలేదు. నోరు తెరుచుకునే ఉంది కానీ మాట లేదు. చెయ్యి మెల్లిగా భుజం మీది మచ్చను తడుముతోంది, అది ఎవరిదో కనుక్కుందామన్నట్టు.

“అయితే ఈ కాగితం ఖాళీయే,” అంది ప్రెస్సు అమ్మాయి ఏడుపు గొంతుతో. “గంటలో మిషన్ ఎక్కాలి బాబాయి గారూ.”

“ఖాళీ ఎందుకు?” లారీ డ్రైవర్ తాతని తేరిపార చూసి అన్నాడు. “ఈ రోజు పదిహేడే కదా. రాయండమ్మా: ‘ఈ రోజున ఫిరంగి తాత అరగంటసేపు మాట్లాడలేదు.’ ఇంతకంటే వింత ఊళ్ళో ఎన్నడైనా జరిగిందా? సాక్షులం ఇందరం ఉన్నాం.”

అమ్మాయి తాత వంక చూసింది. తాత కళ్ళు మెరిశాయి. పేరు పడుతుంది, ఫొటో పడుతుంది, చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడం. పెదాలు బిగించి తలాడించాడు. అమ్మాయి కొత్త కాగితం మీద రాసి, మళ్ళీ చిన్న బల్ల మీద పెట్టింది.

కంపోజిటర్ బాబాయి చదివాడు. పెన్సిలు పైకే ఉంచాడు.

“పన్నెండుకి మాట ఆగింది. అరగంట కాలేదింకా. అయితేనే టిక్కు. ఈ తారీకు మీద రెండోసారి అబద్ధం కూర్చను.”

అందరూ గడియారం వంక చూస్తూ కూర్చున్నారు. మూడు నిమిషాలు. నాలుగు. తాత మెడ నరాలు పొంగాయి. ఐదు. నుదుటి మీద చెమట. ఏడు. బల్ల అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. కొట్టు అక్క గుక్కెడు నీళ్ళిస్తే తలడ్డంగా ఊపాడు. ఎనిమిది.

“తొమ్మిది నిమిషాలు! అబ్బో, తాత ఇంతసేపుంటాడని కల్లో కూడా అనుకోలేదు,” అన్నాడు మంగలి మామ, ఉత్తపుణ్యానికి.

“తొమ్మిది నిమిషాలొక లెక్కట్రా!” ఫిరంగి పేలింది. “నేను వయసులో ఉన్నప్పుడు తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

కంపోజిటర్ బాబాయి గడియారం వైపు ఒకసారి చూసి, ‘అరగంటసేపు’ కొట్టేసి, పైన ‘తొమ్మిది నిమిషాలు’ అని రాసి, టిక్కు పెట్టాడు.