ముక్కు మదనపల్లెది, తోక రామకుప్పంది

పుంగనూరు బస్టాండు ఎదురుగా ఈశ్వరప్ప టీ అంగడి. ఆదివారం, ఎండ ఎక్కే వేళ. మదనపల్లె బస్సు దిగిన తబిత ఒక అట్టపెట్టెను చంటిబిడ్డలా పట్టుకొని వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"వస్తాండాడో లేదో సెప్పు మామా. ఒక్క ముక్క."

"వస్తాడు లేమ్మా. ముందు టీ తాగు. సల్లారితే బాగుండదు."

"కుప్పం బస్సు వచ్చి పోయినాది. నేను దిగేటప్పుడే సూస్తి. దాంట్లో గిరీష్ లేడు."

"దాంట్లో యాడుంటాడు? ఎవురో రెండు మేకల్ని ఎక్కించినారంట. మేకలకు సీటంట, నా మేనల్లుడికి నిలబడే సోటంట. నేను మేకకన్నా తక్కువనా అని రోషమొచ్చి దిగేసినాడు."

"యాడ దిగినాడు?"

"పలమనేర్లో. కాదు కాదు, ఇంకా అవతల."

"నీకెట్ల తెలిసె? వాడి ఫోను మోగడమే లేదే."

"ఫోనా? అది బర్రె తొట్లో పడిపాయ. ఇప్పుడు నువ్వు ఫోను చేస్తే ఆ బర్రె ఎత్తుతాది. అంబా అంటాది."

"మామా."

"ఏందమ్మా."

"టీలో ఉప్పు లేదు."

"టీలో ఉప్పు యాలమ్మా?"

"నేనొచ్చిన ప్రతిసారీ నా గ్లాసులో ఉప్పేస్తావు. నేను థూ అని ఊస్తే బస్టాండంతా వినపడేటట్ల నవ్వుతావు. ఈ పొద్దు సక్కెరేసినావు."

"వయసైపోయింది గదా. ఉప్పుడబ్బా, సక్కెరడబ్బా తెలియకుండా వస్తాండాది."

"తెలియకపోతే ఉప్పు పడాల. సక్కెర యాల పడె?"

"నీతో మాట్లాడాలంటే లాయరుకు సదవాల తబితమ్మా. నేను సారు కుర్చీలో తేలు బొమ్మ పెట్టి, బడి మానుకున్నోణ్ణి."

"అదీ సూడు. తబితమ్మా అంటాండావు. ఎప్పుడూ కోడలుపిల్లా, కోడలుపిల్లా అని వీధంతా అరిసేవోడివి. మెల్లగా అను మామా, ఎవురన్నా వింటారు అని నేను మొత్తుకుంటాంటే ఇంకా గట్టిగా అరిసేవోడివి."

"నువ్వే అరవద్దంటివి గదా."

"ఇంకేం భయం? మా నాయన ఒప్పుకున్న్యాడు. సెప్పినా గదా ఫోన్లో. ఆ రామకుప్పం పిల్లోడు, నువ్వు కలిసి కట్టే బొమ్మేందో పూర్తిగా తెచ్చి నా టేబులు మింద పెట్టండి, అప్పుడు మాట్లాడదామన్న్యాడు. సాయంత్రం నాలుక్కు. చర్చిలో ఆరాధన మధ్యలోనే లేచొచ్చేసినా నేను."

"మీ నాయన శాలేము రాజు మంచోడమ్మా. మీసమే అట్ల."

"ఇదో సూడు, నా వంతు ముక్కు. మా ఆస్పత్రి ల్యాబులో మధ్యాన్నం అన్నం తినే టైములో ప్లాస్టిక్ ఇటుకలు ఒక్కొక్కటే పెట్టి ఇంతింత కట్టుకుంటా వచ్చినా. పెట్టె తెరువు మామా."

"ఉండనీలేమ్మా, దుమ్ము పడతాది."

"తెరువు."

"అబ్బ! ఈ రాకెట్టు..."

"రాకెట్టు గాదు మామా, స్పేస్‌షిప్. రాకెట్టు పోయి పడిపోతాది. ఇది పోయి, మల్లా ఇంటికొస్తాది."

"ఊ."

"ఊ అంటావేంది? నువ్వు రాకెట్టని, నేను గాదని సెప్పినప్పుడంతా, ఏదైతేనేం, పెట్రోలు దండగే అంటావు గదా."

"అద్దం బాగా కుదిరింది. లోపల రెండు సీట్లు పెట్టినావే."

"ఒక దాంట్లో నన్ను కూసోబెట్టినా. వాడి బొమ్మను వాడే తెస్తానన్న్యాడు. జుట్టు రింగుల్ది దొరికిందంట."

"టీ తాగమ్మా, సల్లారిపోతాది."

"పరదా యాల కదుల్తాండాది?"

"ఫ్యానుగాలికమ్మా."

"లోపల ఎవురుండారు?"

"పాలక్యాన్లు. ఎవురుంటారు?"

"గిరీ! ఒరే గిరీ! బయటికి రారా. నాకు తెలిసిపోయింది."

"అమ్మా, అరవద్దు. లోపల ఎవురూ లేరు."

"పోయినసారీ ఇట్లనే అన్న్యావు. నాకు ఫోను చేసి, గిరీష్‌ను ఏనుగు తరిమింది, మంచె మింది నుంచి పడినాడు, నా అంగట్లో పండబెట్టినాం అన్న్యావు. ల్యాబుకోటు గూడా తియ్యకుండా బస్సెక్కితి. ఆ కోటుతోనే ఈ బెంచీ మింద కూసోని ఏడిస్తి. అప్పుడు నువ్వు, ఉత్తుత్తికే అంటి కోడలుపిల్లా అన్న్యావు. ఆ మాట అనంగానే పరదా ఎత్తుకోని వాడు వచ్చె. నోట్లో బన్ను పెట్టుకోని."

"ఆ పొద్దు నువ్వు గ్లాసు ఇసిరితివి. ఇదో, ఈడ సొట్ట పడింది."

"ఇంకోటి ఇసరమంటావా?"

"ఇసురమ్మా. ఎన్ని కావాలంటే అన్ని ఇసురు. పొయ్యి మింద గిన్నె గూడా ఇస్తా."

"మామా, వాడు రాకపోయినా వాడి వంతు తోకన్నా వచ్చిందా?"

"తోక... వచ్చినాది."

"మరి సెప్పవే! యాడ? బల్ల కిందా? ఆ గుడ్డ మూటలోనా? ఇటియ్యి."

"తరవాత సూద్దువు లేమ్మా. వాడూ రానీ."

"వాడు వస్తాడా? ఇటియ్యి మామా."

"మెల్లగా. మెల్లగా తల్లీ."

"ఇదేంది?"

"తోక."

"ఎడమ రెక్క ఇంతే ఉండాది. కుడి రెక్క మూరెడుండాది."

"ఒక పక్కకు వాలి పోతాదేమో. ఆకాశంలో మలుపులుంటాయి గదా."

"ఇంజన్లు పైకి సూస్తాండాయి."

"వాన నీళ్లు పట్టేదానికి. మన పక్క నీళ్లు తక్కువ."

"మామా, ఇది గిరీష్ కట్నింది గాదు."

"వాడిదేనమ్మా. ఇటుకలన్నీ వాడివే. నేనొక్కటి గూడా బయటిది పెట్టలా."

"ఇటుకలు వాడివే. జిగురెవురిది?"

"యాడుండాది జిగురు?"

"ఇదో ఈడ. ఈ సందులోనూ. బొడిపె బొడిపెకూ కారిండాది. గిరీష్ జిగురు ముట్టుకోడు మామా. కాలేజీలో ఎవుడో జిగురు పెట్టి కట్నాడని వాడితో వారం మాట్లాడలా. ఇప్పేదానికి రాకపోతే అది ఇటుకెట్లయితాది అంటాడు. సెప్పు, ఎవురు కట్నారు?"

"నేనే."

"నువ్వా?"

"ఈ సేతి ఏళ్లు సూడు. గ్లాసులు పట్టే ఏళ్లు. ఆ సిన్నవాటిని పట్టుకుంటే జారి పోతాండాయి. నొక్కితే పట్టాల గదా? నొక్కినా. పట్టలేదు. ఒకటి పెడితే ఇంకోటి ఊడొస్తాండాది. నిన్నంతా అంగడి మూసుకోని కూసున్న్యా. ఆఖరికి జిగురు తెచ్చి అంటించేసినా."

"వాడు కట్నింది ఏమాయ?"

"ఇరిగిపాయనమ్మా."

"యాడ ఇరిగె?"

"మంచె కాడ."

"మంచె కాడికి తోక యాల పాయ?"

"ఏనుగుల కాపలా గదా రాత్రిళ్లు. రాగి కంకి పట్టింది, వదిలిపెట్టేదానికి లేదు. నిద్ర రాకుండా ఉండాలని మంచె మింద టార్చి పెట్టుకోని కడతాండె. ఊళ్లో అందరూ టపాకాయలు పెట్టుకోని కాపలా కాస్తే నీ మేనల్లుడు బొమ్మలు పెట్టుకోని కాస్తాండాడు అని మా బావ నన్ను తిట్టేది. ఏనుగొస్తే దాన్ని గూడా ఎక్కించుకోని పోతాడులే బావా అంటాంటి నేను."

"ఏనుగు వచ్చిందా మామా? నన్ను సూడు. వచ్చిందా?"

"గురువారం రాత్రి. ఒంటి ఏనుగు. టపాకాయకు బెదరలేదంట. మంచె కాలు పట్టుకోని లాగేసిందమ్మా."

"మంచె పడిందా?"

"పడింది."

"వాడూ?"

"నేను పోయేసరికి తెల్లారిపోయిండె. అడవి ఆఫీసోళ్లు, పోలీసోళ్లు, జనం. మా అక్క కమలాక్షి నేల మింద పొర్లాడతాండాది. నేనేం చేయాల? నాకు ఏడ్సేదానికి రాదమ్మా. యాడికి పోయినా నవ్విచ్చేదే పని నాకు. సావుకాడ గూడా నన్ను సూస్తే ఎవురో ఒకరు నవ్వుతారు. ఆ పొద్దు గూడా ఒకడు సూసినాడు నా పక్క, ఏమన్నా అంటాడేమోనని. నేను గమ్మున రాగిచేన్లోకి పోయి కూసోని, ఆ తెల్ల ఇటుకలు ఏరుకుంటా ఉండిపోతి. మొలతాడంత ఎత్తు రాగి. కింద బురద. ఒక్కొక్కటీ ఏరి, పంచె కొంగులో ఏసుకోని, బోరుకాడ కడిగినా. మా బావ సూసి, నా కొడుకు పోతే నువ్వు బొమ్మలేరుకుంటాండావా పిచ్చినాకొడకా అన్న్యాడు. ఇవి ఎవురికోసమో ఆయనకు తెల్దు గదా. నువ్వొకదానివి ఉండావని ఆ ఊర్లో ఎవురికీ తెల్దు. నా ఒక్కడికే తెలుసు. నీకు నేనే సెప్పాల. ఫోను పట్టుకుంటి, సెప్పలేకపోతి. ఆదివారం ఎట్లాగూ వస్తావు, తోకన్నా నీ సేతికియ్యాల అనుకుంటి."

"తోక ఎట్లుండెనో నీకెట్ల తెలుసు?"

"తెల్దు. నీకన్నా తెలుసునేమోనని..."

"నాకూ తెల్దు మామా. రూలు గదా. నడుము కాడ ఆరు బొడిపెలు వెడల్పు, తెలుపు రంగు. అంతవరకే మాట. ముక్కు వాడు సూడకూడదు, తోక నేను సూడకూడదు. ఈ బల్ల మిందనే కలపాల. అన్నిసార్లూ అట్లనే గదా కలిపితిమి."

"ఒక్క ఫోటో అన్నా పంపలేదా?"

"పంపతానన్న్యాడు. నేనే వద్దంటి. ఈసారి లోపల ఒకటి పెట్టినా, సూస్తే ఏడుస్తావు అన్న్యాడు. నేను ఏడ్సే రకం గాదు పోరా అంటి."

"ఈ డబ్బాలో కొన్ని మిగిలినాయమ్మా. యాడ పెట్టాల్నో తెలియలా. ఒక తలుపు. ఒక సిన్న నిచ్చెన. ఇదేందో దీపం మాదిరి ఉండాది. రింగులజుట్టు బొమ్మ కోసం శానా ఎతికినా. దొరకలా. రేపు మల్లా పోయి ఎతుకుతా."

"తోక ఇటియ్యి. కలిపి సూస్తా."

"అదీ..."

"పట్టదు మామా. బొక్కల్లోకి జిగురు పోయి ఎండిపోయింది. పట్టదు."

"గోరుతో గీకుతా ఉండు. పిన్నీసు తెస్తా. వేన్నీళ్లలో ఏద్దామా? నాకు తెలియలా తల్లీ, గట్టిగా ఉండాలనే... మల్లా ఊడిపోకుండా ఉండాలనే పెట్టినా."

"వద్దు. గీకొద్దు. అట్లనే ఉండనీ."

"నీళ్లు తాగమ్మా. ఏమన్నా మాట్లాడు. నువ్వట్ల గమ్మునుంటే నాకు భయమైతాది. మీ నాయనకు ఫోను సెయ్యనా? వచ్చి పిల్చుకోని పోతాడు."

"ఆయనకు నేనింకా సెప్పలా. మడత చొక్కా ఏసుకోని, టేబులు మింద పేపర్లన్నీ తీసేసి ఖాళీ చేసి పెట్టినాడు."

"నీకే ఇప్పుడు తెలిసె. ఆయనకెట్ల సెప్తావు?"

"నాకు శుక్రవారమే తెలుసు మామా."

"ఏమంటివి?"

"ఫోన్లో వచ్చింది. ఏనుగు దాడిలో యువరైతు మృతి అని. పేరు గూడా సరిగ్గా ఎయ్యలా. కిందపడిన మంచె ఫోటో ఏసినారు. పెద్దది చేసి సూస్తి. రాగి కంకుల మధ్యన తెల్లగా ఇటుకలు."

"తెలిసీ... రెండు దినాలుగా తెలిసీ ఈ ముక్కు మోసుకోని ఈడికి యాల వస్తివి తల్లీ? ఇంతసేపూ నాచేత ఆ మేకలూ, బర్రెలూ..."

"పోయినసారీ నువ్వు ఏనుగనే సెప్పినావు గదా. మంచె మింది నుంచి పడినాడనే సెప్పినావు."

"అమ్మా..."

"పేపరోళ్లను గూడా కలుపుకున్న్యావేమో, నువ్వు అంత పని చేసేవోడివే అనుకుంటి. బస్సులో ఒక్కటే అనుకుంటా వస్తి. దిగంగానే ఈ మామను ఏం ఇసిరి కొట్టాల, ఏం ఇసిరి కొట్టాల అని."

"నేనే అయ్యుంటే బాగుండుగదమ్మా. ఆ పని నేను చేసిందే అయ్యుంటే. లోపల ఎవురూ లేరు తల్లీ. కావాలంటే పరదా తీసి సూపిస్తా, రా."

"తీయొద్దు! తీయొద్దు మామా. ముందు ఆ మాట అను. ఉత్తుత్తికే అంటి కోడలుపిల్లా అని అను. నువ్వు ఆ మాట అన్న్యాకనే గదా వాడు బయటికొచ్చేది."