అప్పాజీ కంటి కొలత

"కూర్చో బాబూ, కూర్చో. కోటు ఎక్కడికీ పోదు. రేపు సాయంత్రం కదా మీ ఎదురుసన్నాహం? కొట్లో హాంగరుకి వేలాడుతూనే ఉంది. ఏసురాజూ, ఈ అబ్బాయికి ఓ టీ ఇవ్వు. కడియం నుంచి వచ్చాడు, నర్సరీ వాళ్ళ తాలూకు."

"అది కాదండీ, నేను..."

"తెలుసయ్యా, పెళ్ళికొడుకు పంపించాడు. టీ తాగాక ఇస్తాను."

నిడదవోలు స్టేషను రోడ్డులో ఏసురాజు టీ కొట్టు ముందు ఇలా పెద్ద గొంతు వినపడితే అది టైలర్ అప్పాజీదే. అతని కొట్టు రోడ్డుకి అవతల. ఆడపెళ్ళివారిది ఈ ఊరే, పెళ్ళికొడుక్కి కోటు పెట్టేది వాళ్ళే కాబట్టి బట్ట కొనిచ్చి అప్పాజీ దగ్గరే కుట్టించుకోమన్నారు. పక్క బల్ల మీద కిరాణా జోగేశ్వరరావు గారు పేపరు చదువుతున్నారు.

"పెళ్ళికొడుకు ఓసారి వేసి చూసుకోవాలి కదండీ. బిగుతో వదులో ఉంటే రేపు అందరి ముందూ ఇబ్బంది," అన్నాడు కుర్రాడు.

"విన్నారా జోగేశ్వరరావు గారూ? వేసి చూసుకోవాలంట. బాబూ, నా దగ్గర కుట్టించుకున్నవాడు వేసి చూసుకోడు, వేసుకుని పోతాడు. నేను టేపు ముట్టుకుని ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. ఆది చొక్కా తెచ్చినవాణ్ణయితే గుమ్మం ఎక్కనివ్వను. పాత చొక్కా నా మొహాన పడేసి, దీని కొలతకి కుట్టమంటే ఏంటర్థం? అది కుట్టినవాడి తప్పులన్నీ మళ్ళీ నేను కుట్టాలా? కన్నుండాలయ్యా టైలరుకి. మన స్టేషన్లో ఆగకుండా గూడ్సు పోతోంది ఓసారి. ఆఖరి పెట్టెలో గార్డు గారు పచ్చ జెండా పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ప్యాంటు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది, మోకాళ్ళ దగ్గర సంచుల్లాగా జారిపోయి ఉంది. చూశాను, అంతే. బండి వెళ్ళిపోయింది. నేను కొట్టుకొచ్చి కత్తిరించేశాను. తిరుగు బండికి ప్లాట్‌ఫాం మీద నిలబడి ప్యాంటు విసిరాను, ఆయన పట్టుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు అదే ప్యాంటు వేసుకుని గూడ్సు ఆపించి మరీ దిగాడు."

"గూడ్సు ఆపించాడా?" అన్నారు జోగేశ్వరరావు గారు, పేపరు దించకుండానే.

"ఆపకపోతే నాకు దణ్ణం ఎలా పెడతాడండీ? వెనకాల ఎక్స్‌ప్రెస్ కూడా ఆగిపోయింది. అందులోవాళ్ళు కూడా దిగి ప్యాంటు చూసి వెళ్ళారు."

"అండీ, కోటు..." అన్నాడు కుర్రాడు.

"కోటు సంగతికే వస్తున్నా. ఇంతకీ కన్ను కూడా అక్కర్లేదయ్యా నాకు. కొవ్వూరాయన కువైట్ నుంచి ఫోన్ చేశాడు, సూటు కావాలని. ఫొటో పంపుతానన్నాడు. వద్దండి, రెండు మాటలు మాట్లాడండి చాలన్నాను. గొంతు వింటే మెడ ఎంతో తెలిసిపోతుంది, ఊపిరి వింటే ఛాతీ తెలిసిపోతుంది. నడుము దగ్గర మాత్రం కాస్త తేడా కొట్టింది. అడిగితే, అప్పుడే బిరియానీ తిన్నానన్నాడు. అరిగాక మళ్ళీ చెయ్యండి అని పెట్టేశాను. సూటు వెళ్ళింది. అది చూసి అక్కడి షేకు ఏమన్నాడో తెలుసా? ఈ టైలరు మా ఊరు వచ్చి నన్ను కొలిచాడా అని పోలీసుల్ని అడిగాడంట."

"సూటు కొవ్వూరాయనదైతే షేకుని కొలవడమేంటి?" అన్నాడు ఏసురాజు, టీ వడకడుతూ.

"అంటే ఆయనకీ సరిపోయిందిరా. మంచి కుట్టు అలాగే ఉంటుంది. ఇదేం చూశావు? ద్రాక్షారామం వైపు అచ్చిబాబు గారని పెద్ద రైతు. ఆయనకి సభల్లో అధ్యక్షత అంటే ప్రాణం. కోటు కుట్టి ఇచ్చాను. ఓ సభలో మధ్యలో ఫోన్ వస్తే, కోటు విప్పి కుర్చీకి తగిలించి బయటికి వెళ్ళాడు. నా కుట్టు కదా, భుజాలు అలా నిలబడే ఉన్నాయి. వచ్చినవాళ్ళంతా అచ్చిబాబు గారే అనుకుని దండలేశారు, శాలువా కప్పారు, రెండు తీర్మానాలు కూడా పాస్ చేయించుకున్నారు. ఆయన తిరిగొచ్చేసరికి సభ అయిపోయింది. ఇన్నేళ్ళలో మీరు ఇంత బాగా అధ్యక్షత వహించడం ఇదే మొదటిసారి అని అందరూ మెచ్చుకున్నారంట. ఇప్పుడు ఆహ్వానాలన్నీ కోటుకే వస్తున్నాయి, ఆయన ఇంటి దగ్గరే ఉంటున్నాడు."

జోగేశ్వరరావు గారు పేపరు మడిచారు. "మరి ఈ అబ్బాయి తాలూకు కోటేం చేస్తుంది, అదే పెళ్ళి చేసుకుంటుందా?"

"చేసుకున్నా చేసుకుంటుందండి, అంత బాగా వచ్చింది. ఇదొక్కటీ విను బాబూ, వెళ్ళి మీ పెళ్ళికొడుక్కి చెప్పు. ఆ రోజు ఆయన నా గుమ్మంలో అడుగు పెట్టాడు. ఏదో చెప్పబోతే నోరు మూసుకోమన్నాను. మాట్లాడితే ఛాతీ కదిలి కొలత చెడిపోతుంది. ఆహా, ఏం మనిషండీ. ఛాతీ చూస్తే బీరువా. మెడ చూస్తే రోలు. పొట్ట కాస్త ముందుకుంది గానీ దర్జాగా ఉంది."

"పెళ్ళికొడుక్కి అప్పుడే పొట్టా?" అన్నారు జోగేశ్వరరావు గారు.

"పొట్టేంటండీ, చెవుల దగ్గర జుట్టు కూడా నెరిసింది. నేనేం అనలేదు. ఈ రోజుల్లో సంబంధాలు కుదిరేసరికి అలాగే అవుతోంది కదా. వెనకాల ఎవడో పీలగా ఓ కుర్రాడు, బట్ట ఉన్న సంచి పట్టుకుని నిలబడ్డాడు. వెలుతురుకి అడ్డొస్తున్నావు, పక్కకి జరగరా అని కసిరాను. ఒక్క చూపు చూశాను, ఇక వెళ్ళండన్నాను. ఆ చూపులో ఆయన ఒళ్ళంతా నా కంట్లో అచ్చుపడిపోయింది. ఒక్కసారి చూసిన మనిషిని ఈ కన్ను చచ్చినా మర్చిపోదు."

కుర్రాడు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఆ సంచి పట్టుకున్నది నేనేనండి."

"నువ్వా? అయితే ఏమైంది?"

"ముందు నిలబడింది మా మేనమామ రమేష్ బాబు గారు. ఆయన మీతో చెప్పబోయింది, పెళ్ళికొడుకు వెనకాల ఉన్నాడు అని. మీరు కంటితోనే కొలుస్తారని మా అత్తారివాళ్ళు చెప్పారు, నన్నూ చూసే ఉంటారనుకున్నాం. నా పేరు జయంత్ అండి. రేపు పెళ్ళి నాకే."

అప్పాజీ ఆ కుర్రాణ్ణి మొదటిసారి నిదానంగా, మెడ నుంచి మోకాళ్ళ దాకా చూశాడు. తర్వాత రోడ్డుకి అవతల ఉన్న తన కొట్టు వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"కోటులో లోపం లేదు బాబూ. ఎవరి కొలతకి కుట్టానో వాళ్ళకి ప్రాణంలా సరిపోతుంది, దానికి పూచీ నాది."

"అయితే రేపు తాళి కూడా మా మామయ్య చేతే కట్టించమంటారా అండీ?" అన్నాడు జయంత్.