గ్రేసమ్మ గారి సైకిలు

కృపాదానం బాబాయి సంతాప సభకు వచ్చిన పాస్టర్ గారికీ, కరెంటు ఆఫీసు పెద్దలకూ, మన క్రోసూరు వాళ్ళందరికీ నమస్కారం. ముందు వరుసలో బంధువుల కోసం వేసిన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. కృపాదానం బాబాయికి మనం కాక ఇంకెవరున్నారు?

నా పేరు ఇరమ్. ఇక్కడ టైలరింగ్ షాపులో జాకెట్లు కుడతాను. బాబాయి లైన్‌మన్‌గా రిటైరయ్యారని మీకు తెలుసు. పిల్లలు లేరు. నర్సుగా చేసిన ఆయన భార్య గ్రేసమ్మ గారు పోయాక ఆరేళ్ళు ఒక్కరే ఉన్నారు. ఆమె ఊళ్ళు తిరిగిన సైకిలు వరండాలో దుప్పటి కింద ఉండేది. ప్రతి ఆదివారం తుడిచేవారు. ఎక్కేవాళ్ళు లేరు.

మా ఊరి నుంచి షాపుకు నాలుగు కిలోమీటర్లు. ఆటో నిండితే గానీ కదలదు. అందుకని నడిచేదాన్ని. ఒకరోజు తెగిన చెప్పు చేత్తో పట్టుకొని పోతుంటే బాబాయి గేటు దగ్గర ఆపారు. "ఏందమ్మా, రోజూ నడకేనా?" అంతే అడిగారు. మూడో రోజుకు కొత్త టైర్లు, ట్యూబులు వేయించి సైకిలు గేటు బయట పెట్టారు. "తీసుకపో" అన్నారు.

నాకు తొక్కడం రాదు! ముప్పై నాలుగేళ్ళ ఆడదాన్ని, అందరూ నవ్వుతారని భయం. ఆయన నవ్వలేదు. డెబ్బై ఏళ్ళ మనిషి, హైస్కూలు గ్రౌండులో సీటు పట్టుకొని నా వెనక పరిగెత్తారు. "చక్రం చూడమాక, ముందుకు చూడు. గ్రేసమ్మకు నేర్పింది గూడా నేనే" అన్నారు. తొమ్మిదో రోజు నా అంతట నేను తొక్కాను. సంతోషంతో రెండు చుట్లు కొట్టాను. తిరిగి చూస్తే ఆయన గ్రౌండు మధ్యలో ఒక్కరే నిలబడి కండువాతో ముఖం తుడుచుకుంటున్నారు. చెమట అనుకున్నాను.

రంజానుకు సేమియా పట్టుకెళ్ళాను. వరండా వైపు చూస్తూ, "సైకిలు పోయినాక ఇల్లు చానా బోసిపోయిందమ్మా" అన్నారు. నా ప్రాణం చివుక్కుమంది. తెచ్చి ఇచ్చేస్తానన్నాను. ఎంత కోప్పడ్డారో! "నువ్వు నడిచిపోతంటే నేను చూస్తా కూచోవాలా? మళ్ళా ఆ మాటెత్తమాక. వీలున్నప్పుడు ఇటొచ్చి పది నిమిషాలు కూచోని పో, చాలు."

కూర్చున్నానా? కొన్నాళ్ళు కూర్చున్నాను. తర్వాత పెళ్ళిళ్ళ సీజను వచ్చింది, బట్టలు గుట్టలు పడ్డాయి. రోడ్డు మీద నుంచే చెయ్యెత్తేదాన్ని. వరండాలోంచి ఆయనా చెయ్యెత్తేవారు. బాగానే ఉన్నారనుకునేదాన్ని. మనిషి ఒంటరితనం రోడ్డు మీదికి కనపడుతుందా అయ్యా?

పోయిన మంగళవారం ఆయన వరండాలో లేరు. లోపల ఉన్నారేమో అనుకున్నాను. బుధవారమూ లేరు. షాపుకు ఆలస్యమవుతోందని ఆగలేదు. గురువారం గ్యాస్ బండ తెచ్చిన మనిషి తలుపు తడితే సంగతి బయటపడింది.

నేను ఆగి ఉంటే బతికేవారా? బతికేవారు కాదు, మంగళవారం తెల్లవారేలోపే పోయారని డాక్టరు గారు చెప్పారు. నన్ను ఓదార్చడానికే చెప్పారేమో, తెలియదు. కానీ మూడు రోజులు ఆ ఇంట్లో ఆయన ఒక్కరే ఉన్నారు. ఆయన ఇచ్చిన సైకిలు మీద నేను ఆ గేటు ముందు నుంచే పోయాను, వచ్చాను.

అయ్యల్లారా, అమ్మల్లారా! ఆగాల్సిన రోజున నేను ఆగలేదు. ఇప్పుడు మీ అందరితో కలిసి రెండు నిమిషాలు ఆగుతాను. దయచేసి లేచి, మౌనంగా నిలబడండి.