మావారి హాట్‌స్పాట్

దయ్యమా? మా ఆయనా? ఎవరండీ ఆ మాటన్నది? ఆ కింద ఫ్లాట్ శివపార్వతేనా?

అయ్యో, మిమ్మల్నేమీ అనట్లేదు మార్కండేయులు గారూ. మీరు అపార్ట్‌మెంటు సెక్రటరీ, ఎవరొచ్చి కంప్లైంటు చేసినా వినాలి. కూర్చోండి. ఆ కుర్చీ కాదు, అందులో ఫోన్ చార్జింగులో ఉంది. ఆఁ, ఆ ఫోనే. మావారిది.

ఏం జరిగిందట? వాళ్ళ ఉషశ్రీకి పెళ్ళిచూపులు. వచ్చినవాళ్ళు వైఫై ఉందా అని ఫోన్లో లిస్టు తీశారు. పైనే 'అచ్యుతరామారావు, చల్లపల్లి' అని పడింది. ఎవరండీ ఈయన అంటే, ఈ మహాతల్లి "పై ఫ్లాట్లో ఉండేవారు, మొన్న శ్రావణంలో పోయారు" అంది. ఇంకేముంది, పెళ్ళికొడుకు తల్లి టిఫిను ముట్టకుండా లేచిపోయిందట! నేనడుగుతాను, ఎవరో పక్కింటాయన అని ఊరుకుంటే ఈవిడ సొమ్మేం పోయింది?

అసలు గొడవంతా ఈ టాబ్‌తో వచ్చింది. పెద్ద తెర, కళ్ళకి సుఖం అని మా చెల్లెలు కొనిచ్చింది. దీనికి సిమ్ పట్టదు. ఫోన్లో హాట్‌స్పాట్ పెడితే ఆ నెట్ మీద నడుస్తుంది. ఆ ఫోనేమో మావారి చేతిలో! ఇంక చెప్పాలా? "డేటా అయిపోతుంది సుందరీ" అంటూ, సరిగ్గా సీరియల్లో కోడలు నోరు విప్పే టైముకి కట్టేసేవారు. పాస్‌వర్డ్ చెప్పండి మహాప్రభో అంటే, టాబ్ లాక్కుని అటు తిరిగి ఆయనే ఒకసారి కొట్టిపెట్టారు. కట్టుకున్నదానికి కూడా చెప్పకూడదట. సెక్యూరిటీ అట!

ఆ పేరంటారా? అదో పిచ్చి ఆయనకి. చెంబులు, గ్లాసులు, ఆఖరికి అట్లకాడ మీద కూడా 'అచ్యుతరామారావు, చల్లపల్లి' అని కొట్టించారు. ఉద్యోగానికని బెజవాడ వచ్చి ఎన్నేళ్ళయినా ఆ చల్లపల్లి మాత్రం వదల్లేదు. ఫోన్ మీద చెక్కించడం కుదర్లేదు కదా, హాట్‌స్పాట్‌కి పెట్టుకున్నారు.

మీ ఇంట్లో మాత్రం లేవూ? మొన్న మీ హనుమాయమ్మ గారు పులుసు పంపిన గిన్నె మీద మీ నాన్నగారి పేరుంది. ఆయన పోయి ఎన్నాళ్ళైంది? ఆ గిన్నెలో వండుకు తింటున్నారుగా? దయ్యం పులుసని నేనేమైనా అన్నానా? గిన్నె మీద ఉంటే పెద్దాయన, ఫోన్లో ఉంటే దయ్యమా?

అయితే ఒక్క మాట. నాకూ ఈమధ్య కాస్త అనుమానంగానే ఉంది. రీఛార్జి చేయించేది నేను. ఆ నెట్ నేను వాడేది పట్టుమని ఐదు నిమిషాలు ఉండదు. అయినా రోజు డేటా మధ్యాహ్నం భోజనాలకే ఖాళీ! ఎవరు వాడుతున్నట్టు? ఈయనే కూర్చుని టీవీ డిబేట్లు చూస్తున్నారేమో అనుకున్నా. ఉన్నప్పుడూ అదే పనిగా!

ఏమిటీ, మీ ఫోన్లో చూపిస్తారా? చూపించండి, నేనూ చూస్తాను దయ్యాన్ని. ఉండండి, కళ్ళజోడు పెట్టుకోనివ్వండి. ఆఁ, ఇదిగో, పైనే ఉన్నారు. కింద ఏమిటది? 'కనెక్టెడ్'...

కనెక్టెడ్ ఏమిటండీ మార్కండేయులు గారూ?

ఆగండాగండి, జేబులో పెట్టకండి. మీరు ఏమీ నొక్కకుండానే ఎలా కలిసిందండీ? పాస్‌వర్డ్ ఎవరిచ్చారు? ఆయనేనా? వాకింగులోనా? అడక్కపోయినా చెప్పారా! మీ హనుమాయమ్మ గారి ఫోన్లో కూడానా?

బాగుంది. ఎదురింటివాళ్ళకి పిలిచి చెప్పారు. సెక్యూరిటీ నా ఒక్కదానికే అన్నమాట. ఎంత ఒళ్ళు మండుతోందో తెలుసా? మనిషి ఉండుంటే ఇవాళ అన్నం పెట్టేదాన్ని కాదు.

ఇప్పుడు చెప్పండి, తీసేయమంటారా ఆ పేరు? తీసేస్తే మీ ఇంట్లో నెట్టూ ఆగిపోతుంది.

ఆ పాస్‌వర్డేదో నాకిప్పుడు చెప్తానంటారా? వద్దు లెండి. ఆయన చెప్పనిది మీ దగ్గర వినాలా? నాకు నెట్ లేక కాదండీ. నా ఫోన్లోనూ హాట్‌స్పాట్ ఉంది, టాబ్‌ని దానికి కలపడం మా చెల్లెలు నేర్పిపోయింది. సీరియళ్ళన్నీ దాంతోనే చూస్తున్నాను.

ఈయన ఫోన్ ఎందుకంటే... చెప్తే నవ్వుకుంటారు. పొద్దున్నే టాబ్ తెరిచి ఆయన పేరు మీద వేలు పెడతాను. 'కనెక్టింగ్' అని కాసేపు ఆలోచిస్తుంది. తర్వాత 'కనెక్టెడ్' అంటుంది. అంతే, చూసుకుని మూసేస్తాను. ఉన్నన్నాళ్ళూ నాలుగుసార్లు పిలిస్తే గానీ పలికేవారు కాదు, పేపర్లోంచి తల ఎత్తేవారు కాదు. ఇప్పుడు వేలు పెడితే చాలు, పలుకుతున్నారు. కట్టేయమంటే నా వల్ల కాదండీ.

ఉండండి, కాఫీ తెస్తాను. గ్లాసు చూసి జడుసుకునేరు, దాని మీదా ఆయన పేరే ఉంటుంది.