ఉత్తరపు గోడ తప్పు నాదన్న మాస్టారు

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది జూలై నాలుగో తేదీ, సోమవారం ఉదయం పాత కట్టడాల మరమ్మతు విభాగంలో పర్యవేక్షకులుగా చేరిన మన మాస్టారు ముప్పై ఏడేళ్ళ అవిశ్రాంత సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అదే వారం రికార్డుల గదిలో గుమాస్తాగా చేరిన నన్ను, వారి గురించి నాలుగు మంచి మాటలు రాయమని సంచిక సంపాదకవర్గం కోరింది. మంచి మాటలకు కొదవ లేదు. అయితే వాటి నడుమ నా గురించి ఒక చెడ్డ మాట కూడా రాయక తప్పదు.

తొలి ఏడేళ్ళలో వారు గోదాములు, బడులు, ఒక జైలు ప్రహరీ గడువుకు ముందే బాగు చేయించి, పై అధికారుల మెప్పు పొందారు. ఆ వేగమే ఎనిమిదో ఏట కొంప ముంచింది. పాత ఆసుపత్రి ఉత్తరపు గోడ ఇటుకతో, గానుగ సున్నంతో కట్టినది. ఇటుకల సందుల్లో రాలిపోయిన సున్నాన్ని మళ్ళీ సున్నంతోనే నింపాలి. సున్నం నానడానికి నెల పడుతుంది. బాగుచేసిన ఆసుపత్రి ప్రారంభోత్సవానికి పన్నెండు రోజులే ఉన్నాయి. మాస్టారు సిమెంటు పెట్టమన్నారు.

తండ్రి వయసున్న పెద్ద మేస్త్రి తాపీ కింద పెట్టారు.

“బాబూ, ఇది సున్నం గోడ. తాగిన నీళ్ళు మళ్ళీ బయటికి వదులుకుంటుంది. సిమెంటుతో దాని మూతి మూసేస్తే లోపల్లోపలే నానిపోతుంది. నా మాట వినండి.”

“నాకు తెలుసులే పెద్దాయనా. నువ్వు కానివ్వు.”

రెండేళ్ళ తరువాత వానల్లో ఆ గోడ పొట్ట ఉబ్బింది. వెనక వార్డులోని రోగులను ఖాళీ చేయిస్తుండగా, గోడకు ఊతకర్రలు పెట్టడానికి వెళ్ళిన పెద్ద మేస్త్రి మీదనే అది కూలింది. ఆయన అక్కడికక్కడే పోయారు. మాస్టారు చేతులతో ఇటుకలు లాగుతుంటే పక్కనే నేనూ ఉన్నాను. సందుల్లోని సిమెంటు చెక్కుచెదరలేదు. దాని వెనక సున్నం మాత్రం తడి బూడిదలా ఉంది.

మర్నాడే మాస్టారు, “సిమెంటు పెట్టమన్నది నేనే, మేస్త్రి వద్దన్నారు” అని ఒక పేజీ వాంగ్మూలం రాసిచ్చారు. నివేదిక కూర్చే పని నాది. “కుర్రాడి బతుకు ఎందుకయ్యా పాడుచేయడం? పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు” అన్నారు పై అధికారి. నేను ఆ పేజీ తీసి బీరువాలో దాచి, మేస్త్రి పనిలో లోపం వల్ల గోడ కూలిందని టైపు చేశాను. స్నేహితుణ్ణి గట్టెక్కించానని లోలోపల మురిశాను కూడా. సిగ్గుగా ఉంది.

ఆ పిదప మాస్టారు పదోన్నతిని కాదని, పాత గోడల మరమ్మతు నేర్పే శిక్షణ కేంద్రాన్ని రెండు గదుల్లో ప్రారంభించారు. ఏ బ్యాచికైనా తొలి పాఠం ఆ గోడ విషయంలో వారు చేసిన తప్పే. చివరి పరీక్షకు సున్నం గోడలో ఒకచోట రహస్యంగా సిమెంటు పూసి, కనిపెట్టమనేవారు. ఒక ఏడాది రెండు డిగ్రీల ఇంజనీరు గారు పొద్దంతా కొలతలు తీసి చేతులెత్తేశారు. సున్నం మోయడానికి వచ్చిన ఒకావిడ చెంబుడు నీళ్ళు చల్లి, నీరు ఇంకకుండా జారిన చోట వేలు పెట్టింది. “డిగ్రీలు చూసి గోడ లేచి నిలబడదు నాయనా” అని మాస్టారు నవ్వారు. వారు నవ్వగా నేను చూసిన సందర్భాలు అంతకుమించి ఎక్కువ లేవు.

నివేదిక సరిదిద్దమని వారు ఏటా అర్జీ పెట్టారు. అది ఏటా నా బల్ల మీదికే వచ్చేది. “పరిశీలనలో ఉంది” అని నేనే రాసేవాణ్ణి. గత సోమవారం ఇరవై ఏడో అర్జీతో వచ్చారు.

“ఇప్పుడెందుకురా? విచారణ మళ్ళీ మొదలవుతుంది, పింఛను ఆగిపోవచ్చు. హాయిగా ఇంటికెళ్ళక?” అన్నాను.

“నా దగ్గర నేర్చుకున్న వాళ్ళందరికీ నిజం చెప్పాన్రా. కాగితం మాత్రం ఇంకా ఆయన్నే అంటోంది. ఆయన కూతురు ఏ పనికెళ్ళినా, గోడ కూల్చిన మేస్త్రి కూతురివా అని అడుగుతున్నారు. వచ్చే నెల నుంచి నేను ఉద్యోగంలో ఉండను, నా అర్జీ తీసుకునేవాడు కూడా ఉండడు.”

బీరువా తీశాను. ఆ పేజీకి నా వాంగ్మూలం జతచేసి పైకి పంపాను. నకలు పెద్ద మేస్త్రి కూతురికి స్వయంగా ఇచ్చాను. ఆమె ఇప్పుడు మన కేంద్రంలోనే తాపీపని నేర్పుతున్నారు. నిలబడే చదివారు.

“నాన్న వద్దన్నారని అమ్మ అందరికీ చెప్పేది సార్. ఎవరూ నమ్మలేదు. అమ్మ పోయి నాలుగేళ్ళయింది.”



విచారణ వచ్చే నెల మొదలవుతుంది. మాస్టారి శ్రీమతి గారికి, పిల్లలకు నా మీద ఆగ్రహం కలిగితే అది న్యాయమే. విచారణ గదిలో మాస్టారి పక్కన నేను నిలబడతాను. తన తప్పును దాచుకోని ఈ సహృదయునికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ళ ఆయుష్షు కలగాలనీ, ఆ నూరేళ్ళలో ఒక్క వానాకాలమైనా వారు గోడల వంక చూడకుండా కుదురుగా కూర్చోగలగాలనీ మనసారా కోరుకుంటున్నాను.