జేబు లేని గౌను

సభ మొదలవడానికి ఇంకా పావుగంట ఉంది. పక్క గదిలో ముసలి దర్జీ కొత్త స్పీకరు భుజాల మీద నల్ల గౌను సర్దుతున్నాడు. ఆమె గుప్పిట్లో ఒక చీటీ ఉంది.

"జేబు పెట్టడం మరిచిపోయారా మాస్టారూ?"

"దీనికి ఎప్పుడూ జేబు ఉండదమ్మా. మా నాన్న కుట్టినప్పుడూ లేదు."

"ఎందుకని?"

"ఇంగ్లండులో రాజుల కాలంలో స్పీకరంటే సభ మాటను రాజు ముందుకు తీసుకెళ్ళేవాడట. రాజుకి కోపమొస్తే తల పోయేది. అందుకే ఎన్నుకున్నవాణ్ణి రెక్క పట్టుకుని కుర్చీదాకా లాక్కొచ్చేవారు."

"ఇప్పుడు నన్నూ అలాగే లాగుతారట. మరి జేబు సంగతేంటి?"

"సభ మాట నోట్లో ఉంటే చాలు. తిరిగొచ్చేటప్పుడు రాజు చీటీ తేవడానికి చోటుండకూడదని మా నాన్న అనేవాడు."

ఆమె గుప్పిట విప్పి చీటీ చూపించింది.

"గనుల మీద చర్చ రానివ్వద్దని మా పార్టీ నాయకుడు రాసి పంపారు. నాకీ పదవి ఆయన చలవే."

"ఓట్లేసింది?"

"సభ."

దర్జీ వంగి గౌను అంచు దులిపాడు. బయట గంట మోగింది.

"ఇప్పుడు తలలు తీయరు కదా మాస్టారూ. మహా అయితే పదవి పోతుంది."

"పోతే గౌను పాడవకుండా తిరిగివ్వండమ్మా."

ఆమె నవ్వి, చీటీ అతని చేతిలో పెట్టింది.

"మీ చొక్కాకి జేబుందిగా."