నల్లకాగితం వెనుక మినుము మొక్కలు

శ్రీ కొమరగిరి ఆదిశేషయ్యగారు 1915వ సంవత్సరం జూలై ఒకటవ తేదీన బెజవాడలోని మన పప్పుధాన్యాల శాఖలో సహాయకులుగా అడుగుపెట్టారు. పురాణాల శేషుడు భూమిని మోస్తాడు. మన శేషయ్యగారు భూమి కిందికి తొంగి చూస్తారు. అందరూ ఆకు చూసి పైరును మెచ్చుకుంటే వీరు వేరు చూసేవారు. అందుకే వీరి దారే వేరు.

వేరుబుడిపెల్లో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు వండిపెడతాయనీ, బతికున్న బుడిపెను కోస్తే లోపల నెత్తుటి రంగు ఉంటుందనీ, ముసలిదైతే అది పచ్చబడుతుందనీ కృష్ణా ఆయకట్టు గట్ల మీద పాతికేళ్ళు బోధించారు. నీరు నిలిచినా, వెలుతురు కరువైనా, పడుచు మొక్కకైనా ఆ ముసలితనం ముంచుకొస్తుంది.

1942 ఏప్రిల్‌లో సముద్రతీరాన బాంబులు పడ్డాయని ఊరు సగం ఖాళీ అయింది. ఏళ్ళ తరబడి ఏరి కూర్చిన మినుము రకాల కుండీలను ఆదిశేషయ్యగారు పటమటలోని ఒక గదిలోకి చేర్పించి, విమానాలకు దీపం కనబడకుండా కిటికీలకు నల్లకాగితం అంటించి, నీళ్ళు మానవద్దనీ కాగితం తీయవద్దనీ తోటమాలి లాజరుకు చెప్పి, కుటుంబంతో పల్లెకు తరలిపోయారు. రాత్రిపూట మాత్రమే అనే మాట హడావుడిలో నోట్లోనే ఉండిపోయింది.

కొన్నాళ్ళకు వచ్చి తలుపు తీస్తే, పాడుబావి గాలి ముఖాన కొట్టింది. కాగితంలో ఒక చీల రంధ్రం. మొక్కలన్నీ పాలిపోయి, సన్నగా సాగి, ఆ చుక్క వెలుతురు వైపే మెడలు చాచి ఉన్నాయి. అటునుంచి ఎవరో వస్తారన్నట్టు, తలుపు తీసినవారితో తమకు పనిలేనట్టు. బుడిపెలు కోశారు. అన్నీ పచ్చన. రంధ్రానికి ఆనుకున్న ఒక్క కుండీలోనే ఎర్రదనం. పచ్చగా ఉండమని జనాన్ని దీవించే మనిషి ఆ పచ్చదనం చూసి కత్తి పక్కన పెట్టేశారు.

పైఅధికారి వచ్చి, నీళ్ళు పోయక చంపాడని లాజరును పనిలోంచి తీసేయమన్నారు.

“పోశానండి,” అన్నాడు లాజరు. “కాగితం మాత్రం ముట్టుకోలేదండి.”

“పోస్తే ఎందుకు చస్తాయోయ్?”

ఆదిశేషయ్యగారు కుండీలోని మట్టిని పిడికిట పిసికి చూపించారు. “తడిగానే ఉందండి. ఇవి దాహంతో పోలేదు, చీకటితో పోయాయి. ఆ చీకటి పెట్టింది నేను.”

లాజరు కొలువు నిలిచింది. రావలసిన ప్రమోషన్ మాత్రం వీరికి రాలేదు. కొలువు ముగించి, చేరిన గదిలోనుంచే ఈ జూన్‌లో సెలవు తీసుకుంటున్నారు.

మొన్న లాజరు వచ్చి, వెళ్ళబోయే ఇంట్లో తూర్పున కిటికీ ఉందా అని వీరిని అడిగాడు. ఉందని చెప్పినా కదల్లేదు. “పగలు తెరిచే ఉంచుతారు గదండీ?” అన్నాడు. ఉంచుతానని మాట తీసుకున్నాకే వెళ్ళాడు.

శ్రీమతి భద్రమ్మగారితో కూడి, చల్లని కడుపుతో, చెదరని ఆరోగ్యంతో, వెలుతురు కొరత లేని దీర్ఘాయువు వీరికి లభించుగాక.